ఆపకూడని చోట

హేవిళంబి సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి

ఈ కాగితాల పుస్తకం ఆయన రాజమహేంద్రవరం నుంచి తెచ్చి పది రోజులైంది. "నీ మనసులో మాటలు రాసుకో, ఎవరూ చూడరు" అన్నారు. నా మనసులో మాటలు వినాలని ఈ ఇంట్లో ఎవరికీ తొందర లేదు కనక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఈ రోజు మాత్రం రాయకుండా ఉండలేను. ఒక కథ చదివాను.

దీన్ని నవల అంటారట. మాసపత్రికలో నెలకో ముక్క చొప్పున వేస్తారు. పేరు 'పద్మగంధి చరిత్రము'. రాసినవారి పేరు లేదు, 'ఒక గృహస్థుడు' అని మాత్రం ఉంది. ఇందులో రాజకుమార్తె లేదు, శాపం లేదు, ఆకాశవాణి పలకదు. పద్మగంధి గోదావరి ఒడ్డున ఒక మామూలు ఇంటి కోడలు. పెనిమిటి కాశీ వెళ్ళాడు. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చుని, మనసు ఎక్కడో ఉండి, కూరలో రెండోసారి ఉప్పు వేస్తుంది. అత్త తిడుతుంది.

ఆ ఉప్పు దగ్గర నాలుగుసార్లు చదివాను. మొన్న నేను చేసిన పనే అది! అచ్చులో చూసుకుంటే ఒళ్ళు జలదరించింది. మా ఘోషా ఇళ్ళలో వంటింటి గుమ్మం పరాయి మగవాడెవడూ తొక్కడు. మరి ఈ గృహస్థుడు లోపలికి ఎలా వచ్చాడు? ఎవరు చెప్పారు ఆయనకి?

చంద్రోదయం మాత్రం రెండు పేజీలు వర్ణించాడు. చంద్రుడు రోజూ వస్తూనే ఉంటాడు, అది రాయడానికి ఈ గృహస్థుడికి అంత తీరిక ఎందుకో. అది వదిలేసి చదివాను.


వైశాఖ బహుళ దశమి

సంగతి అత్తగారికి తెలిసిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను రామాయణం చదువుతాను, ఆవిడ వింటారు. పురాణం చెప్పే పంతులుగారు లోపలికి రాకూడదు కనక, ఈ ఇంటికి కాపరానికి వచ్చినప్పటి నుంచి ఆ పని నాదే. ఆవిడకి అక్షరం రాదు గానీ ఎక్కడ శ్లోకం దాటేశానో చప్పున పట్టేస్తారు.

ఈ రోజు అడిగారు.

"ఏంటమ్మాయ్, నీలో నువ్వే నవ్వుకుంటున్నావంట, ఏడుస్తున్నావంట. కొత్త పురాణమేదో వచ్చిందంటగా. మాకు చదవవా?"

"పురాణం కాదండీ, కథండీ. మామూలు మనుషుల కథ."

"మనుషుల్దైతే వినకూడదేంటి? చదువు."

పీట వేశారు. పత్రికకి పసుపు బొట్టు పెట్టారు. దీపం వెలిగించారు. చేపలు తెచ్చే మరిడమ్మ పెరటి గుమ్మంలో గంప దింపి అక్కడే చతికిలబడింది. కూరలో ఉప్పు ఎక్కువైనందుకు అక్షతలు చేత్తో పట్టుకుని కూర్చున్న మనుషుల్ని చూస్తే నాకు నవ్వాగలేదు.

అత్త తిట్టే చోట కొంచెం నెమ్మదిగా చదివాను. నాలుగు తిట్లుంటే రెండే చదివాను. మా అత్తగారు ముఖం కదల్చలేదు.

చివర్లో వచ్చింది చిక్కు. కాశీ దారిలో పద్మగంధి పెనిమిటి బండిని దొంగలు అడ్డగించారు. ఆ గృహస్థుడు అక్కడితో ఆపేసి, 'అతఁడు బ్రతికెనో లేదో వచ్చు సంచికయందుఁ జూతము' అని చేతులు దులుపుకున్నాడు. నేను పత్రిక ముయ్యబోయాను.

"ఆగు. ముయ్యకు" అన్నారు అత్తగారు. "అలాంటి చోట ఆపుతారా ఎక్కడైనా? రామాయణంలో అయితే సీతమ్మని ఎత్తుకుపోయిన చోట ఆపుతావా? శుభం వచ్చేదాకా చదివి అక్కడ ముయ్యాలి. అందులోనూ నువ్వు ఒట్టి మనిషివి కాదు."

"ఇంక లేదండీ ఇందులో."

"లేకపోవడమేంటి, చూడు సరిగ్గా."

నాకు ఐదో నెల. పుట్టింట్లో రెండు పురుళ్ళూ దక్కలేదు. అందుకే ఈసారి ఇక్కడే అని అత్తగారు పట్టుబట్టి ఉంచుకున్నారు. ఆవిడ ముఖం చూశాను. వాదించే ముఖం కాదు అది. ఖాళీ అట్ట వైపు చూస్తూ, "అంతలో గుర్రపు రౌతులు వచ్చి దొంగలను తరిమివేసిరి. అతఁడు క్షేమముగా ఇల్లు చేరెను. అందఱును సుఖముగా నుండిరి" అని చదివేశాను.

"అదీ" అన్నారు ఆవిడ. అక్షతలు పత్రిక మీద వేశారు. మిగిలినవి నా తల మీద వేశారు.


వైశాఖ బహుళ ద్వాదశి

దేవుడా, వచ్చే నెల ఏం చేయాలి?


జ్యేష్ఠ బహుళ తదియ

అనుకున్నంతా అయింది. రెండో సంచిక వచ్చింది. పెనిమిటి ఇల్లు చేరలేదు, జాడే లేదు. పద్మగంధి కిటికీ దగ్గర నిలబడి దారి చూస్తోంది. నేను పోయిన నెల అతన్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టాను కదా! ఒక్క ఊపిరిలో మళ్ళీ పంపించేయాల్సి వచ్చింది. "అట్లు వచ్చిన యాతఁడు మఱునాఁడే రాచకార్యముపై మరల బయలుదేరెను" అన్నాను.

మరిడమ్మ వదలదు కదా. "ఆయ్, నిన్నొచ్చినోడు పొద్దున్నే ఎల్లిపోడమేంటండీ? పెళ్ళాంతో మాటైనా ఆడాడా?"

"ఆడాడే. అది రాయలేదంతే."

"రాయాల్సిందే రాయలేదన్నమాట" అంది. మరిడమ్మ మాటలు రాసుకుంటున్నాను, ఎందుకంటే అది చెప్పింది నిజం.

ఈ సంచికలో నాకు ఆశ్చర్యం కలిగించిన చోటు ఒకటుంది. పద్మగంధి పెనిమిటి పైపంచె ఉతకదు. మడత పెట్టి, మర్నాడు మడత విప్పి, మళ్ళీ మడత పెడుతుంది. ఎందుకో ఆ గృహస్థుడు చెప్పడు. ఏడ్చిందని కూడా రాయడు. అయినా చదువుతుంటే నా కళ్ళ నీళ్ళు పత్రిక మీద పడ్డాయి. చెప్పకుండా ఇంత చెప్పవచ్చునని నాకు ఇరవై మూడేళ్ళ దాకా తెలియదు. మా తాతగారు నాకు అక్షరాలు నేర్పిన రోజున నాకు ఏమి ఇస్తున్నారో ఆయనకి తెలిసి ఉండదు.

చివర ఈసారి అత్త కోడల్ని ఇంట్లోంచి గెంటేసింది. నేను వెంటనే పక్కింటి పెద్దావిడ చేత లోపలికి పిలిపించి, పాయసం పెట్టించాను. చాలా బాగా వచ్చింది. ఇంచుమించు ఆ గృహస్థుడే రాశాడన్నట్టుగా ఉంది.


జ్యేష్ఠ బహుళ ఏకాదశి

ఆయన అడిగారు, "అమ్మకి నువ్వు లేనిది చదువుతున్నావటగా?" అని. ఎవరు చెప్పారో. నవ్వుతూనే అడిగారు.

"మీరు చెబుతారా ఆవిడకి?"

"నేనెందుకు చెబుతాను? నాకు నీ పాయసమే నచ్చింది."

ఆయన రాజమహేంద్రవరం నుంచి సంచిక తెస్తూ, నాకంటే ముందే పడవ మీద చదివేస్తారు. అది నాకు నచ్చదు.


ఆషాఢ శుద్ధ సప్తమి

నాకు భయమేమీ లేదు. కాళ్ళు కొంచెం వాచాయి. మంత్రసాని వచ్చి చూసి, అంతా బాగుందని చెప్పి, బయట అత్తగారితో చాలాసేపు మాట్లాడింది.


ఆషాఢ బహుళ షష్ఠి

మూడో సంచిక.

పద్మగంధి గర్భవతి.

వదిలేసి చదివాను. 'గర్భభారముచే నలసి' అన్న చోట 'పనిభారముచే నలసి' అన్నాను. ఎలా తెలిసిందో గానీ అత్తగారు, "ఎన్నో నెల దానికి?" అని అడిగారు.

"ఎవరికండీ?"

"ఎవరికేంటి, ఆ పిల్లకే. మెట్లెక్కి ఆయాసపడిందన్నావు, పులుపు అడిగిందన్నావు. నాకు చెవుల్లేవా?"

"ఏడో నెలండీ."

మరిడమ్మ మర్నాడు గంపలో చింతకాయలు తెచ్చి, సగం నాకిచ్చి, "ఈ సగం ఆవిడకండీ" అంది. ఏ ఆవిడకి అంటే పత్రిక వైపు చూపించింది. పద్మగంధికి నిజంగా చింతకాయలు తెచ్చింది! నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. దీపం దగ్గర పెట్టాను. కాగితం మీద నల్లటి అక్షరాలు, అవి తినలేవు. అయినా ఈ ఊళ్ళో ఒక చేపల మనిషి వాటి నోరు చేదుగా ఉంటుందని దిగులు పడుతోంది. రాజమహేంద్రవరంలో ఎక్కడో కూర్చుని రాసుకునే ఆ మనిషికి ఇది తెలిస్తే ఏమైపోతాడో.

మా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇంత గొప్ప విషయం నా ఎదుట జరగలేదు.


ఆషాఢ బహుళ నవమి

నాకు భయమేమీ లేదు. అది కథ, ఇది నేను.


శ్రావణ బహుళ విదియ

కాలువ నిండుగా పారుతోంది. గోదావరికి వరద అని ఆయన చెప్పారు. నాలుగో సంచిక తడిసి వచ్చింది. చివరి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే పుల్లతో విడదీశాను. విడదీయకుండా ఉంటే బాగుండేది.

పద్మగంధి వరదలో పడవ ఎక్కింది. పుట్టింటికి పోదామని. నడి గోదావరిలో నొప్పులు వచ్చాయి. గాలి లేచింది. తెరచాప చిరిగింది. పడవవాడు భయపడి నీళ్ళలో దూకేశాడు. 'అంధకార బంధురమైన యా నదీ మధ్యమున నా దీనురాలి యార్తనాదము వినువా రెవ్వరు? పడవ మునిఁగెనో, దరిఁ జేరెనో, వచ్చు సంచికయందుఁ జూతము.'

ఇంత గొప్పగా ఇంకెవరూ రాయలేరు. ఇది ముందు రాసుకుంటున్నాను, లేకపోతే కోపంలో మర్చిపోతాను. నీళ్ళ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

చదవడం ఆపాను. అందరూ ఎదురుచూస్తున్నారు. మరిడమ్మ మండిపడుతోంది. "వరద గోదాట్లో తెరచాపెత్తేవోడెవడండీ? ఆడు పడవోడేనా? మా ఇంటాయన్ని అడగండి, గెడకర్రేసుకుని ఒడ్డంటా పోతారు. పైగా ఆడమనిషినొదిలేసి దూకేత్తాడా? మావాళ్ళెవరూ అలా దూకరండీ!"

"నువ్వుండవే" అన్నారు అత్తగారు. "చదువమ్మా. ఒడ్డు చేరిందా?"

నోరు తెరిచాను. రౌతుల్ని తెచ్చినదాన్ని, పాయసం పెట్టినదాన్ని, ఒక్క పడవని ఒడ్డుకి తేలేకపోయాను. ఆ నీళ్ళలో నాకు ఏ దిక్కూ కనిపించలేదు. ఒకటే కనిపిస్తోంది, అది చదవకూడనిది.

"తర్వాత చదువుతానండీ" అన్నాను.

ఆవిడ బలవంతపెట్టలేదు. కానీ పత్రిక ముయ్యనివ్వలేదు. తెరిచిన పేజీ మీద రాగి చెంబు బరువు పెట్టి, దీపంలో నూనె పోసి, "శుభం వచ్చాకే ముయ్యి, అప్పటిదాకా అలాగే ఉంటుంది" అన్నారు.


శ్రావణ అమావాస్య

దీపం కొండెక్కకుండా అత్తగారే చూసుకుంటున్నారు.

రోజూ ఆ పేజీ దగ్గర కూర్చుంటాను. ఒక వాక్యం దొరికితే చాలు. 'అంతలో' అని మొదలుపెడతాను. అంతలో ఏమైంది? పోయిన రెండుసార్లూ అంతలో ఏమైందో నాకు తెలుసు. మొదటిది ఏడవనే లేదు. రెండోది ఒక పూట ఉంది.


భాద్రపద శుద్ధ దశమి

ఈ నెల సంచిక రాలేదు. అచ్చాఫీసులోకి వరద నీళ్ళు వచ్చాయట. ఇక పత్రిక ఉంటుందో ఉండదో తెలియదని ఆయన అన్నారు. అత్తగారు విని, "వాడు రాయకపోతే మనం బతకమా ఏంటి?" అని లోపలికి వెళ్ళిపోయారు. లోపల పేరు పేరునా దేవతలకి మొక్కుకోవడం వినిపించింది.

నాకు భయమేమీ


భాద్రపద బహుళ చవితి

తెల్లవారుజాము నుంచి నడుము లాగుతోంది. పేజీ అలాగే తెరిచి ఉంది.


ఆశ్వయుజ శుద్ధ పంచమి

ఈ రోజే కలం పట్టుకోనిచ్చారు. ఆడపిల్ల. పదహారో రోజు. ఏడుస్తుంది, పాలు తాగుతుంది, మళ్ళీ ఏడుస్తుంది. పదహారు రోజులు! వేళ్ళు మడిచి మడిచి చూసుకున్నాను.

జరిగింది ఇప్పుడే రాసుకోవాలి, మళ్ళీ మర్చిపోతాను.

రెండు పగళ్ళు గడిచినా కాన్పు కాలేదు. మంత్రసాని మాట్లాడటం మానేసింది. రెండో రోజు సాయంత్రానికి నాకు ఓపిక పోయింది. పడవ మునిగిపోయిందని అన్నానట, అదే మాట పదేపదే అన్నానట. అప్పుడు అత్తగారు లోపలికి వచ్చారు. మైల అనుకోకుండా నా వెనక కూర్చుని, నన్ను తన గుండెకి ఆనించుకుని, రెండు చేతులూ పట్టుకున్నారు.

"మునిగిందని ఎవరు చెప్పారు నీకు? నువ్వు చదవలేదుగా. నేను చెబుతాను విను" అన్నారు. "పడవోడు దూకలేదు. మరిడమ్మ చెప్పిందిగా, వాళ్ళెవరూ దూకరు. వాడు గెడేస్తున్నాడు. ఊ, నువ్వూ తొయ్యి. ఒడ్డు మీద ఒకావిడ నిలబడుంది. ఎవరనుకున్నావు? ఆ పిల్ల అత్తగారు."

నొప్పిలో కూడా నేను ఆవిడ వైపు తిరిగాను.

"అదే, గెంటేసిన అత్తే. గెంటేసిందని వాడు రాశాడు. ఎందుకు గెంటిందో వాడికేం తెలుసు, నీకేం తెలుసు? ఆవిడ కోడలి వెంటే ఒడ్డంటా నడుచుకుంటా వచ్చింది, వానలో, కాళ్ళకి చెప్పుల్లేకుండా. అరిచింది, ఇటు, ఇటు అని. తాడు విసిరింది. అందలేదు. ఊ, తొయ్యమ్మా. మళ్ళీ విసిరింది. అందలేదు. అప్పుడు తనే నీళ్ళలోకి దిగిపోయింది. నడుం లోతు, గుండె లోతు. దిగి పట్టుకుంది. నేను వదల్ను, తల్లీ, నువ్వు తొయ్యి, నేను వదల్ను."

ఎంతసేపు చెప్పారో తెలియదు. నా చేతుల మీద ఆవిడ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

నెల నెలా కథలో అత్త చేసిన పాపాలన్నీ మా అత్తగారి ఎదురుగా కూర్చుని చదివాను. రెండు తిట్లు మింగి పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. ఆవిడ ఒక్కసారీ నొచ్చుకున్నట్టు కనిపించలేదు. అన్నీ లోపల పెట్టుకున్నారు. సమయం వచ్చినప్పుడు ఆ గృహస్థుడి కలం లాక్కున్నట్టు లాక్కుని, ఆ అత్తని తీసుకొచ్చి గోదావరిలో దింపారు. అక్షరం రాని మనిషి! నేను చేయలేకపోయిన పని. ఆవిడని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తోంది. మొక్కితే తిడతారు.


ఆశ్వయుజ బహుళ తదియ

సంచిక వచ్చింది. ఆయన ఈసారి ముందు చదవలేదన్నారు. "నువ్వే చూడు" అని ఉయ్యాల పక్కన పెట్టి వెళ్ళిపోయారు. ఆయన ముఖం చూస్తే చదివే ఉంటారనిపించింది.

పద్మగంధి చనిపోయింది. పడవలో బిడ్డ బతికింది. తెల్లవారాక ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు బిడ్డ ఏడుపు విని వెళ్ళి చూస్తారు. ఆ తెల్లవారడాన్ని ఒక్క వాక్యంలో రాశాడు, చంద్రోదయానికి రెండు పేజీలు పట్టినవాడు. బిడ్డని ఎత్తుకున్న మనిషి ముందు తన చేతులు పంచెకి తుడుచుకుంటాడు. అక్కడ నేను పత్రిక పక్కన పెట్టి, నా కూతుర్ని ఎత్తుకుని, చాలాసేపు ఏడ్చాను. నేను చదివిన వాటిలో ఇంత గొప్ప ముక్క లేదు. రచన అంటే ఆ గృహస్థుడిదే. అత్తగారి కథలో ఒడ్డు పక్కకి వచ్చేస్తుంది, వరద తగ్గిపోతుంది, గెడకి అడుగు అందుతుంది. రెండూ పక్కపక్కన పెడితే ఏది మంచిదో నాకు తెలియదనను. తెలుసు. కానీ ఆ పూట నా చెవిలో ఆ గృహస్థుడి ముక్క పడి ఉంటే ఈ రోజు ఈ వాక్యం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

మధ్యాహ్నం అత్తగారు పీట వేశారు. మరిడమ్మ గంప దింపింది.

"వచ్చిందంటగా. ఏం రాశాడు?" అన్నారు అత్తగారు. మామూలుగానే అడిగారు. కానీ చేతిలో అక్షతలు గట్టిగా పట్టుకున్నారు.

"మీరు చెప్పినట్టే రాశాడండీ."

"ఊరికే అనకు."

"నిజమండీ. అత్తగారే దిగింది."

"ఆయ్, పడవోడు దూకలేదాండీ?" అని మరిడమ్మ అందుకుంది.

"దూకలేదే. దూకాడని పోయిన సంచికలో తప్పు పడిందట. సవరించాడు."

మరిడమ్మ గర్వంగా చుట్టూ చూసింది. అత్తగారు మాత్రం నా ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని, "చదువు మరి" అన్నారు.

తెల్లవారిన పేజీ తెరిచి, బిడ్డ ఏడుపు వినిపించిన చోట వేలు పెట్టి, అందులో లేనిదంతా చదవడం మొదలుపెట్టాను. వరద, గాలి, ఒడ్డు మీద అత్తగారు. చెప్పుల్లేని కాళ్ళు. నా గొంతు ఎక్కడా తడబడలేదు. 'ఆ సాధ్వి యొడ్డున నిలిచి తాడు విసరెను' అని చదివాను.

అత్తగారు కళ్ళు తెరవలేదు.

"అక్కడ తాడు కాదమ్మా" అన్నారు. "తాడెక్కడుంటుంది ఆడమనిషి దగ్గర? చీర విప్పి విసిరింది. సరిగ్గా చదువు."

సరిగ్గా చదివాను.